చివరి పదహారు పేజీలు

పుంగనూరు,
18 నవంబరు 2007

దీపకు చిన్నమ్మ రెడ్డెమ్మ రాసేది.

హాస్టల్లో తింటున్నావా, చలికి స్వెట్టరు వేసుకుంటున్నావా అని అడగడం మీ అమ్మ పని. నేను నా ఏడుపు ఏడుస్తాను. ఫోన్ చెయ్యమంటావు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ మీ చిన్నాయన జేబులో మల్బరీ తోట చుట్టూ తిరుగుతుంటుంది. ఆయన ఇంటికొచ్చాక చేద్దామంటే మా అత్త పనులన్నీ వదిలి నా పక్కనే వచ్చి కూర్చుంటుంది. అందుకే ఉత్తరం.

పుస్తకం అచ్చయి ఏడు నెలలైంది. మొదటి కాపీకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టాను. పంచినవి పోగా నాలుగు వందల పైచిలుకు పట్టుపురుగుల గదిలో కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. అంగన్‌వాడీలో పిల్లలను పడుకోబెట్టి, వాళ్లు లేచేలోపల రాసుకున్న నవల అది. తొమ్మిదేండ్లు పట్టింది. మన బంధువులు కానివాళ్లు, నేను చేతికి ఇవ్వనివాళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "రాయిచేను ఆఖరుదాకా చదివాను" అని ఇంతవరకు అనలేదు. ఆవిష్కరణ రోజు వెంకటముని సారు ముగింపు గురించే ముప్పావుగంట మాట్లాడాడు. తర్వాత అందరూ ఉప్మా తిని వెళ్లిపోయారు.

నిన్న మీ చిన్నాయన కట్టల వైపు చూసి, "ఉగాదికి కొత్త పురుగులొస్తాయి. గది ఖాళీ కావల్ల. అంతవరకు నేనేమీ అనను" అన్నాడు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. నెమ్మదిగా అన్నాడు.

నేనూ ఒకటి అనుకున్నాను. ఉగాదిలోపల ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కరు ఈ పుస్తకం చివరిదాకా చదివారని తెలిస్తే సరి. లేకుంటే కట్టలన్నీ పాత కాగితాల పాపయ్యకు వేసేస్తాను. రెండో నవల నోటుబుక్కు పొయ్యిలో పెట్టి, ఇంక కలం ముట్టను. మాట వరసకు అనడం లేదు దీపా.

రచయితలకు సలహాలిచ్చే బ్లాగులున్నాయని మొన్న నువ్వు అన్నావు కదా. అవి అచ్చు తీసి పంపు. మునిగిపోయేదానికి ఏది దొరికినా పట్టుకోవాలనే ఉంటుంది.

చిన్నమ్మ


కుప్పం,
30 నవంబరు 2007

చిన్నమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు క్లాసుకు పోలేదు. పుస్తకం వెయ్యమని నీ వెంట పడింది నేనే కదా.

ల్యాబులో అచ్చు తీసిన కాగితాలు ఇందులో పెడుతున్నాను. బ్లాగు అంటే ఎవరికి వాళ్లు పెట్టుకునే గోడపత్రిక లాంటిది. రాసినదాని కింద చదివినవాళ్లు తమ మాట కూడా రాయొచ్చు. దాన్ని కామెంటు అంటారు. కొన్ని తెలుగువే. ఇంగ్లీషువి నేనే తెలుగు చేశాను, తప్పులుంటే తిట్టకు. వాక్యం ఎట్లా బిగించాలి, అట్ట వెనక ఏం రాయాలి, పుస్తకాన్ని జనంలోకి ఎట్లా తీసుకుపోవాలి, అన్నీ ఉన్నాయి. నాకు నచ్చిన మాట ఒకటుంది. "మీ పుస్తకం ఒక కాపీ, జనం చాలాసేపు ఊరికే కూర్చునే చోట వదిలి రండి. లోపల మీ చిరునామా రాయండి." మనకు అట్లాంటి చోట్లకు కొదవ లేదు.

నీ పేరుతో ఒక బ్లాగు తెరిచాను. మొదటి అధ్యాయం టైపు చేసి పెట్టాను. కావాలన్నవాళ్లకు నేనే పోస్టు చేస్తాను, పది కాపీలు బస్సులో పార్సిల్ పంపు. ధైర్యం విడవొద్దు చిన్నమ్మా.

దీప


పుంగనూరు,
6 జనవరి 2008

దీపా,

నీ కాగితాల్లో ఉన్నవన్నీ చేశాను. వరసగా చెప్తాను, విను.

పాల కేంద్రంలో ఒక కాపీ పెట్టాను. మూడో రోజు పోయి చూస్తే క్యాను కింద ఎత్తు కోసం పెట్టుకుని ఉన్నారు. మదనపల్లె బస్సు సీటులో ఒకటి వదిలాను. కండక్టరు చిరునామా చూసి, పాపం మంచివాడు, మరుసటి ట్రిప్పులో ఇంటికే తెచ్చి ఇచ్చి, "మర్సిపోయినారు మా" అన్నాడు. మదనపల్లె టీబీ ఆసుపత్రికి మా అంగన్‌వాడీ టీచరు తమ్ముణ్ణి చూడటానికి పోయినప్పుడు అక్కడ బెంచీ మీద ఒకటి పెట్టాను. అది ఏమైందో తెలియదు. మంగలి అంగడిలో పెట్టినదానికి అట్ట లేదు. అట్ట చించి రేటు పలక రాసుకున్నాడు.

"మీ పాఠకుడు ఎవరో ముందు ఊహించుకోండి" అని ఒక కాగితంలో ఉంది. తొమ్మిదేండ్లు ఊహించుకున్నాను. రోజూ పోస్టుమాను సైకిలు చప్పుడుకు వాకిట్లోకి పోతున్నాను. మొన్న ఆయన నన్ను చూసి సందు మార్చుకుని పోయాడు, ఏమీ లేదని చెప్పడానికి ఆయనకే మొహం చెల్లలేదు.

మా అత్త అంటోంది: "రాసింది సాలు లేవే. రాసి రాసి ఎవురు బాగుపన్న్యారు?" ఆమె అన్నందుకు బాధ లేదు. నాకూ అదే అనిపిస్తోంది, అందుకు బాధ. అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక ఇప్పుడు గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. పెన్ను తీసి, మూత తియ్యకుండానే మళ్లీ సంచిలో పెట్టేస్తున్నాను.

బ్లాగులో ఎవరైనా ఏమైనా అన్నారా? అనకుంటే అనలేదనే రాయి.

చిన్నమ్మ


కుప్పం,
20 జనవరి 2008

చిన్నమ్మకు,

ముందు కూర్చో. కామెంట్లు వచ్చాయి. మూడు. అచ్చు తీసి పంపుతున్నాను, చూడు.

విజయవాడ నుంచి ఒకావిడ పుస్తకం తెప్పించుకుని ఏకబిగిన చదివారట. "ముగింపు దగ్గర కన్నీళ్లు ఆగలేదు" అని రాశారు. హైదరాబాదు నుంచి ఒక ఉద్యోగి, "ఈ మధ్య ఇంత గొప్ప ముగింపు చదవలేదు" అన్నారు. మూడో ఆయన అనంతపురం. నీ నవలలోని నాగులమ్మ తనకు కలలోకి వచ్చిందట.

ఉగాదికి ఇంకా రెండున్నర నెలలుంది. ఒక్కరు కావాలన్నావు, ముగ్గురు దొరికారు. నోటుబుక్కు పొయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు.

దీప


మదనపల్లె, టీబీ ఆస్పత్రి, ఆడోళ్ల వార్డు,
28 జనవరి 2008

రాయిచేను రాసిన రెడ్డెమ్మ గారికి దండాలు.

నా పేరు మునిరత్నమ్మ. మాది పెద్దమండ్యం పక్క పల్లె. ఐదు దాకా సదివినా. నాలుగు నెల్ల నుంచి ఈడ ఉండాను. మీ పుస్తకం బెంచీ మింద దొరికింది. కూడబలుక్కోని సదివినా, నెల పట్టింది.

నాగులమ్మకు దగ్గు వచ్చిందని సేని కాడ కొట్టంలో పెట్నారు గదా. నూటా నలభై నాలుగో పేజీలో పొద్దుగూకేటప్పుడు ఆమె మొగుడు కొట్టం కాడికి వచ్చినాడు. నాగులూ అని పిల్సినాడు. ఆమె లేసి కూసుండి, అంతే, ఆడికి అయిపాయ. అట్ట వచ్చేసింది. కతకు తుద ల్యా. ఇదేం రాత మా? ఆయప్ప ఇంటికి పిల్సకపోను వచ్చినాడా, ల్యాకుంటే యాల వచ్చినాడు, ఏం పని మింద?

ఈ సంగతి తెలుసుకునే పని నాకు ఉండాది. తప్పకుండా జవాబు రాయండి.

మునిరత్నమ్మ


పుంగనూరు,
3 ఫిబ్రవరి 2008

మునిరత్నమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కథకు తుది లేదని రాశారు. అదే ముగింపు చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు విజయవాడలో ఉన్నారు. ఇంత గొప్ప ముగింపు చదవలేదన్నవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. బెంచీ మీద దొరికిన వస్తువు మీద మాట తూలడం సులభం. తొమ్మిదేండ్లు రాసినదాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం మనసు పెట్టి చదవాలి. ఇంకోసారి చదవండి. అప్పటికీ తుది కనపడకుంటే పుస్తకం ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేయండి.

ఎం. రెడ్డెమ్మ


పుంగనూరు,
12 ఫిబ్రవరి 2008

దీపా,

మదనపల్లె నుంచి ఒకామె నా పుస్తకానికి తుది లేదని రాస్తే గట్టిగా జవాబు పెట్టాను. విమర్శకు నవ్వుతూ బదులివ్వాలని నీ కాగితాల్లో ఉంది. నాకు నవ్వు రాలేదు. ముగ్గురు మెచ్చుకున్నారన్న పొగరు ఒకటి తలకెక్కి ఉండింది.

జవాబు డబ్బాలో వేసి వచ్చాక కూడా "అట్ట వచ్చేసింది" అన్న ఆమె మాట వదల్లేదు. వారం రోజులు ఓర్చుకున్నాను. నిన్న దేవుడి గూట్లో ఉన్న కాపీ తీశాను. పసుపుకు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లిగా విడదీసుకుంటూ పోయాను. నూట నలభై నాలుగు. "నాగులమ్మ లేచి కూర్చుని," అని కామా. దాని వెనక అట్ట.

పురుగుల గదిలోకి పోయి కట్టలు విప్పాను. ఒకటి కాదు, రెండు కాదు. అన్నీ విప్పాను. అన్నిటికీ అంతే. చివరి పదహారు పేజీలు ఏ ఒక్క పుస్తకంలోనూ లేవు.

అచ్చు కాకముందు ప్రూఫులు మూడుసార్లు చూశాను. అచ్చయ్యాక తెరిచి చూడలేదు. దేవుడి దగ్గర పెట్టినదాన్ని తెరిచి తప్పులు వెతుకుతామా? చివరి ఫారం, అంటే ఆ పదహారు పేజీల షీటు, కరెంటు లేక రెండు రోజులు ఆలస్యంగా అచ్చేశామని ప్రెస్సాయన అప్పుడు అన్నాడు. పుస్తకాలతోబాటు విడి కాగితాల కట్ట ఒకటి ఆటోలో వచ్చింది. చెడిపోయిన షీట్లు ఊరికే ఇచ్చారనుకుని, నేనే, నా చేతులతోనే మా అత్తకు ఇచ్చాను. పురుగుల తట్టల్లో పరుచుకోమని.

అత్తను అడిగాను. ఆమె ఏమందో తెలుసా? "మంచి కాగితం. పురుగులు బాగా నిలబన్న్యాయి. పరిసేటప్పుడు కూడబలుక్కోని సూస్తే ఎవురో ఆడమనిషి కొట్టంలో సచ్చిపోయిండాది. అది నువ్వు రాసిందేనా? యాల సంపినావే పాపం?"

లోకం మొత్తం మీద నా ముగింపు చదివిన మనిషి మా అత్త ఒక్కటే. ఆ ముగింపు కూడా పురుగుల ఎరువుతో బాటు మల్బరీ తోట పాలైంది.

ఏడు నెలలు కాదు, పది నెలలు. పుస్తకం తీసుకున్నవాళ్లు డెబ్బై ఎనభై మంది ఉంటారు. ఒక్కరు వచ్చి, "రెడ్డెమ్మా, కథ సగంలో నిలిచిపోయిందే" అని అడగలేదు. అడగలేదంటే ఏమిటో నాకు తెలుసు. లేని ముగింపు గురించి ముప్పావుగంట మాట్లాడిన సారుకూ తెలుసు.

ఇప్పుడు చెప్పు దీపా. విజయవాడ ఆవిడ ఏ ముగింపు చదివి ఏడ్చింది?

రెడ్డెమ్మ


కుప్పం,
19 ఫిబ్రవరి 2008

చిన్నమ్మా,

విజయవాడ ఆవిడ లేదు. ముగ్గురూ నేనే. పది కాపీలూ నా మంచం కింద పెట్టెలో ఉన్నాయి. నేను కూడా నూరో పేజీ దాకే చదివాను. పరీక్షలొచ్చి ఆపాను. మళ్లీ తెరవలేదు. తెరవలేదని నీకు చెప్పలేక బాగుందని చెప్తూ వచ్చాను.

బ్లాగు రోజూ చూసేదాన్ని. కామెంట్లు సున్నా. నీ జనవరి ఉత్తరం వచ్చిన రోజు భయమేసింది. గోడకేసి చూస్తూ కూర్చుంటున్నానని రాశావు. నాకు వేరే ఏమీ తోచలేదు. ముగింపు గురించి రాస్తే చదివినట్టు నమ్ముతావనుకున్నాను.

తిట్టు. ఉత్తరాలు రాయడం మానెయ్యి. కానీ ఒక్కమాట. ఆసుపత్రిలో ఉన్న ఆమె అన్ని పేజీలూ చదివింది. నీ పుస్తకానికి ఇంతవరకు ఉన్న పాఠకురాలు ఆమె ఒక్కటే. నువ్వు ఆమెకు ఏం జవాబు రాశావు?

దీప


పుంగనూరు,
9 మార్చి 2008

దీపా,

నిన్ను తిట్టడానికి నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. నేను ఆమెకు రాసినదాని ముందు నువ్వు చేసింది ఎంత?

రాయిచేను పాత నోటుబుక్కులోంచి చివరి పదహారు పేజీలు మళ్లీ చేత్తో రాశాను. ఇంట్లో తెల్ల కాగితం లేదు. నువ్వు పంపిన బ్లాగు కాగితాల వెనక వైపు ఖాళీగా కనపడింది. వాటి మీదే రాశాను. రాస్తున్నంతసేపూ ఒకటే గుబులు. నా ముగింపు నీకు తెలియదు కదా, చెప్తాను. నాగులమ్మ మొగుడు ఆమెను ఇంటికి పిలవడానికి రాలేదు. ఇంటికి చుట్టాలొచ్చారని, ఆమె కప్పుకున్న రగ్గు కోసం వచ్చాడు. ఆమె ఇచ్చేసింది. తెల్లవారేసరికి చలికి పోయింది. ఇది తీసుకుపోయి టీబీ ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఇవ్వాలా?

మొన్న గురువారం పోయాను. వార్డు బయట వసారాలో ఎండకు కూర్చుని ఉంది. నలభై కూడా ఉండవు. నా పేరు చెప్పగానే లేచి నిలబడింది.

"నువ్వేనా మా? నువ్వు తిట్టినంక మళ్లా సదివినా. తుద కనపల్లా. నాకే తెలివి ల్యాదనుకున్న్యా" అంది.

దీపా, అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. చేతులు పట్టుకుని తప్పంతా చెప్పాను. పేజీలే లేవని, చూసుకోలేదని, ఆమెదే నిజమని. ఆమె కోపం తెచ్చుకోలేదు. "కండ్లు గుంజుతాండాయి. నువ్వే సదివి సెప్పు" అంది. పక్క మంచాల వాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు.

చదవడం మొదలుపెట్టాను. మొగుడు కొట్టంలోకి వచ్చి కూర్చునే దాకా బాగానే చదివాను. తర్వాత ఆ ఆడవాళ్ల మొహాలు చూశాను. కాగితం మీద ఉన్నది వదిలేసి నోటికొచ్చింది చెప్పాను. మొగుడు ఏడ్చాడని, తప్పయిందన్నాడని, బండి కట్టుకుని వచ్చి ఇంటికి తీసుకుపోయాడని.

ముగిశాక మునిరత్నమ్మ నన్నే చూస్తూ కూర్చుంది. "అది నువ్వు రాసింది కాదు" అంది. "ఇంతసేపు కాగితం సూసి సదివినావు. ఆయప్ప ఏడ్సే కాడి నుంచి నా మొగం సూసి సెప్తాండావు. మా ఆయప్ప, నన్ను కట్టుకున్నోడు, ఈడికి తెచ్చి వదిలినప్పుడు గూడా నా మొగం సూసి అట్లనే సెప్పినాడు, నెలకొకతూరి వస్తానని. ఐదు నెల్లాయ. ఇంతకాలానికి, వచ్చే ఆదివారం వస్తానని కబురంపినాడు. యాల వస్తాండాడో నాకు తెలియల్ల. రాసింది రాసినట్టు సదువు."

చదివాను. రగ్గు దగ్గర ఆగబోతే "సదువు" అంది. ఆఖరి వాక్యం దాకా చదివించింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మునిరత్నమ్మ కాగితాలు తీసుకుని తిప్పి చూసింది. "ఈ పక్క ఏందో ఉండాదే, మీ పుస్తకాన్ని పాఠకుల దగ్గరికి చేర్చడం ఎలా అని" అంది. నేను నవ్వబోయి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. రోగంతో ఉన్న మనిషి నన్ను ఓదార్చింది.

ఆమె మంచం మీద మంచి నల్ల రగ్గు ఒకటి మడిచి ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్నదట. వచ్చేటప్పుడు దాన్ని చూశాను. చూసినప్పటి నుంచి కూడు సహించడం లేదు. నేనేం చేసి వచ్చాను దీపా? దిక్కులేని మనిషికి ఉన్న ఒక్క ఆశనూ చంపి వచ్చానా? వెళ్లకపోయినా, అబద్ధంతో వదిలేసినా బాగుండేదేమో. పాపయ్యకు కబురు పెట్టాలో వద్దో తెలియడం లేదు. నాకు కావలసిన పాఠకురాలు దొరికింది. దొరికాక కలం ముట్టాలంటేనే భయమేస్తోంది.

బ్లాగులో ఆ మూడు కామెంట్లూ తీసెయ్యి. ఖాళీగా ఉంటే ఉండనీ.

చిన్నమ్మ


మదనపల్లె, టీబీ ఆస్పత్రి,
24 మార్చి 2008

రెడ్డెమ్మక్కకు మునిరత్నమ్మ రాసేది.

నువ్విచ్చిన కాగితాలు పుస్తకానికి సూదీ దారంతో కుట్టినాను. కొంచెం బయటికి వచ్చిండాయి, సింపద్దని అందరికీ సెప్పినా. పక్క మంచం ఇందిరమ్మ సదువుతాండాది. నలభయ్యో పేజీలో ఉండాది. తుద ఏమని అడిగితే నేను సెప్పలేదు.

నన్ను వచ్చే నెల పంపిస్తారంట. తంబళ్లపల్లెలో మా చెల్లెలుండాది, ఆడికి పోతాను. నువ్వు భయపడి పోయినావని ఈడోళ్లు సెప్పినారు. యాల భయం? నువ్వు ఇంగా రాయి. పేజీలన్నీ ఉండాయో లేదో సూసుకోని అచ్చెయ్యి.

కబురంపిన ఆదివారమే మా ఆయప్ప వచ్చినాడు. రెండు కమలాపండ్లు తెచ్చినాడు. దగ్గు తగ్గిందా అని అడిగినాడు. శానాసేపు కూసున్న్యాడు. లేసేటప్పుడు, ఇంటికాడ చుట్టాలొస్తాండారు, ఆ రగ్గు ఇయ్యి అన్న్యాడు.

ఇయ్యలేదు.

మునిరత్నమ్మ